దేవుడి కొస

జపాన్‌లోని కనజావాలో రైళ్లలో టిక్కెట్లు తనిఖీ చేసి రిటైరైన కురిహరాగారు భోజనాల బల్ల దగ్గర ఇప్పటికీ అందరి చేతులూ తనిఖీ చేస్తూనే ఉంటారు. కొత్త సంవత్సరానికి ఏటా అదే హోటల్, అదే పండగ భోజనం. ఆ రోజు ఇచ్చే తినే పుల్లలకు రెండు కొసలూ సన్నగా ఉంటాయి. ఒకటి మనకు, రెండోది దేవుడికి. నిరుడు కోడలు నత్సుమి ఎంగిలి తగలకూడదని పుల్లలు తిప్పి ఆయనకు వడ్డించబోయింది. "దేవుడు తినే కొసతో నాకు పెడతావా? మీ పుట్టింట్లో ఇదేనా నేర్పింది?" అన్నారు పదిమందిలో. ఆ పిల్ల ఆ పూట మళ్లీ ఏమీ ముట్టలేదు.

ఈ ఏడు భార్య ఫుమియె పుల్లల్లోంచి రొయ్య జారిపోయింది. "ఉండవే, నేను పెడతాను," అంటూ ఆయన మామూలు రోజుల అలవాటున పుల్లలు తిప్పి, ఇంకో రొయ్య తీసి ఆమె పళ్లెంలో పెట్టారు. పెట్టాక ఏ కొసతో పెట్టారో చూసుకున్నారు. చెవులు ఎర్రబడ్డాయి. నత్సుమి తన పుల్లలు కూడా తిప్పి, తియ్యటి నల్ల సోయా గింజలు నాలుగు ఆయన పళ్లెంలో వేసింది.

"తినండి మామయ్యగారూ, బాగా మెత్తగా ఉడికాయి."

మెత్తగానే ఉన్నాయి. ఆ నాలుగూ మింగడానికి ఆయనకు చాలాసేపు పట్టింది.