పెద్దమ్మ పోసిన నీళ్ళు

మా ఎదురింటి పెద్దమ్మ పోయిన ఆదివారం చనిపోయింది. పొద్దున కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, వాకిట్లో అరుగు మీద కూర్చున్నదట. కోడలు ముగ్గు వేసి, గిన్నె లోపల పెట్టి వచ్చేసరికి గోడకు ఆనుకొని ఉంది. కోడలు మా తలుపు కొట్టి, "అక్కా, అత్త పలకడం లేదు" అంది. నేను స్టవ్ ఆర్పి వెళ్ళాను. ఏడుపు రాలేదు. ఇది రాస్తున్నప్పుడు కూడా రాలేదు.

గనివాళ్ళ కోసం వరుసగా కట్టిన మా కోరమండల్ లైను ఇళ్ళలో ఆమెను ఎరగనివాళ్ళు తక్కువ. పసిబిడ్డలకూ బాలింతలకూ నీళ్ళు పోయడం ఆమె పని. భర్త గనిలో డ్రిల్లింగ్ మిషను పట్టేవాడు. గనులు మూసేశాక, ఆయన పోయాక, ఆ నీళ్ళపనే ఇంటిని నడిపింది. నా బిడ్డలిద్దరికీ ఆమే పోసింది. పీట మీద కాళ్ళు చాపుకొని కూర్చొని, బిడ్డను కాళ్ళ మీద బోర్లా వేసుకొని, మనం చెయ్యి పెట్టలేనంత వేడి నీళ్ళు చెంబుతో వీపు మీద పోసేది. బిడ్డ లైనంతా వినబడేలా ఏడ్చేది. నేను తలుపు దగ్గర నిలబడి చేతులు పిసుక్కునేదాన్ని.

"ఏడవనీమ్మా. ఏడ్చే బిడ్డతో నాకు దిగుల్లేదు. కిమ్మనకుండా ఉండే బిడ్డతోనే భయం" అనేది.

కొన్నేళ్ళ కిందట నా రొమ్ములో గడ్డ తేలింది. బెంగళూరులో ఆపరేషన్ చేసి రొమ్ము తీసేశారు. అదే ఆపరేషన్‌లో వీపు నుంచి కండా చర్మమూ తెచ్చి ముందర కొత్త రొమ్ము కట్టారు. ఇంటికి వచ్చేటప్పుడు పక్కన రెండు పైపులూ, వాటి కొసన నెత్తురునీళ్ళు పట్టే డబ్బాలూ ఉన్నాయి. పెద్దమ్మ వచ్చి, మంచం పక్కన కూర్చొని, అన్నీ అడిగింది.

"వీపుది తీసి ముందర పెట్టినారా?"

"ఊఁ."

"నారు తీసి ఇంగో మడిలో నాటినట్టు. పట్టుకుంటాదంటనా?"

"పట్టుకుందనే చెప్పినారు పెద్దమ్మా."

"అయితే నీళ్ళు నేనే పోస్తా. మొగుడు పోస్తాడని కూర్చోవద్దు. వాడికి చెంబు పట్టేది కూడా రాదు."

మా ఆయన అక్కడే ఉన్నాడు. నవ్వాడు. పొద్దున రైలుకు బెంగళూరు పనికి పోతే చీకటిపడ్డాక వచ్చే మనిషి.

నొప్పి రొమ్ములో ఉంటుందని అనుకున్నాను. వీపులో ఉంది. పక్కకు తిరగడానికి లేదు. దిండ్లు పేర్చుకొని కూర్చునే నిద్రపోయేదాన్ని. చెయ్యి భుజం దాటి లేచేది కాదు. గోడ మీద వేళ్ళు నడిపిస్తూ చేతిని పైకి తీసుకుపోవాలని డాక్టరమ్మ చెప్పింది. పెద్దమ్మ పక్కన నిలబడి, వేళ్ళు నిన్నటికంటే పైకి పోయినప్పుడు అక్కడ గోడ మీద బొగ్గుతో గీత పెట్టేది. ముందర మాత్రం ఏమీ లేదు. కుట్ల నొప్పి లేదు, గోకితే తెలియదు. చెయ్యి వేస్తే ఇంకొకరి ఒంటి మీద వేసినట్టుండేది.

పైపులు తీశారు, కుట్లు ఆరాయి. డాక్టరమ్మ స్నానం చేయొచ్చు అన్నాక పెద్దమ్మ పోయడం మొదలుపెట్టింది. చలి ముదిరే కొద్దీ వీపు పట్టేసింది, ముందర కూడా బిగుసుకొని పలకలాగ అయింది. బాలింతకు రొమ్ము గట్టిపడితే ఏం చేస్తారో ఆమె అదే చేసింది. పెనం మీద కల్లుప్పు వేయించి, గుడ్డలో మూటకట్టి, రొమ్ము మీదా భుజం మీదా కాపడం పెట్టింది.

"కాలుతా ఉండాదా?"

"లేదు పెద్దమ్మా."

"ఇంగ కొంచేపు పెట్టేదా?"

"పెట్టు."

భుజానికి హాయిగా ఉంది. నేను కళ్ళు మూసుకున్నాను. ఆమె రెండోసారి ఉప్పు వేయించుకొచ్చింది. మూట తీసినప్పుడు, "అయ్యో, ఇదేందమ్మా" అంది. చూసుకుంటే చర్మం ఎర్రబడి, నడుమ తెల్లగా పొంగింది. అప్పుడు కూడా నాకు ఏమీ తెలియలేదు.

మరునాడు రైల్లో మాతో ఆమె కూడా వచ్చింది. రావద్దన్నా వినలేదు. డాక్టరమ్మ కట్టు విప్పుతుంటే నన్ను మాట్లాడనివ్వలేదు.

"కాల్చింది నేనమ్మా. ఈ పిల్లను ఏమీ అనొద్దు. నిలుస్తాదా, పోతాదా? అది చెప్పు."

"ఇప్పుడే చెప్పలేను. చర్మం నల్లబడితే తీసేయాల్సి వస్తుంది" అంది డాక్టరమ్మ. తర్వాత నా వైపు తిరిగి, "అక్కడ స్పర్శ ఉండదని చెప్పాం కదా" అంది.

చెప్పారు. చెయ్యి వేస్తే తెలియదన్నారని అర్థం చేసుకున్నాను. వేడి కూడా తెలియదని అనుకోలేదు.

తిరుగు రైల్లో పెద్దమ్మ కిటికీ వైపు చూస్తూ కూర్చుంది. బంగారుపేట దాటాక అంది: "మిషను పట్టి పట్టి మా ఆయన వేళ్ళు మొద్దుబారిపొయ్యె. బీడీ వేళ్ళదాకా కాలినా తెలిసేది కాదు. నేను పెరికి పారేసేదాన్ని. అది చూసినదాన్ని. అయినా నిన్ను అడిగితిని చూడు, కాలుతా ఉండాదా అని."

ఆ రోజు నుంచి ఆమె నీళ్ళు పోయడం మానేసింది. నాకే కాదు, ఎవరికీ. బిడ్డ పుట్టిందని పక్క లైను నుంచి పిలవడానికి వస్తే, నడుము నొప్పి అని చెప్పి పంపేది. ఆమె నడుముకు ఏమీ కాలేదని అందరికీ తెలుసు. చేతులు ఒళ్ళో పెట్టుకొని అరుగు మీద కూర్చునేది.

నా పుండు మానడానికి చాలా రోజులు పట్టింది. కట్టు కట్టించుకోవడం, రైలు, మళ్ళీ కట్టు. అంచున కొంత నల్లబడితే కోసేశారు. మిగతాది నిలిచింది. ఇక నీళ్ళు తగలొచ్చు అన్న రోజు నేను ఎదురింటికి వెళ్ళాను.

"నీళ్ళు కాగినాయి పెద్దమ్మా. రా."

"నేను రాను. మొగుడితో పోయించుకో."

"వాడికి చెంబు పట్టేది రాదని నువ్వే కదా అన్నావు."

ఆమె నవ్వలేదు. లేచి, చీర కుచ్చిళ్ళు దోపుకొని వచ్చింది. బక్కెట్లో మణికట్టు లోపలి పక్క ముంచి, అలాగే ఉంచింది. చన్నీళ్ళు కలిపింది. మళ్ళీ ముంచింది. కాలుతా ఉండాదా అని నన్ను అడగలేదు. ఆ తర్వాత ఎప్పుడూ అడగలేదు. తన చేతినే అడిగేది. కొన్ని వారాలకు పక్క లైను బిడ్డకు పోయడానికి కూడా వెళ్ళింది. అక్కడ కూడా మణికట్టు ముంచే పోస్తున్నదని విన్నాను.

నా చెయ్యి ఇప్పుడు తల దాటి లేస్తుంది. వీపు చలికాలంలో లాగుతుంది. కాలిన చోట మచ్చ ఉంది. అక్కడ ఇప్పటికీ ఏమీ తెలియదు.

ఆదివారం మధ్యాహ్నం ఆమెను వాకిట్లో చెక్క మీద పడుకోబెట్టి, చుట్టూ చీరలు అడ్డం పట్టుకున్నారు. కోడలు కాగిన నీళ్ళు తెచ్చి నా ముందర దించింది. నేను గాజులు పైకి జరిపి, మణికట్టు ముంచాను. కాలింది.

"ఇప్పుడింక వేడేం చూస్తావమ్మా, పోసెయ్యి" అంది చీర పట్టుకున్న ఒకామె.

నేను చన్నీళ్ళు రెండు చెంబులు కలిపి, మళ్ళీ ముంచాను. సరిపోయింది. అప్పుడు, భుజం దగ్గర మొదలుపెట్టి, మెల్లగా పోశాను.