మిరప కల్లంలో రెండు చుక్కలు

మా మేనత్త పోయిందని తమ్ముడు ఫోను చేసినప్పుడు నేను పొన్నూరులో, నేనూ మా ఆయనా పాఠాలు చెప్పే బడి వరండాలో ఉన్నాను. నిద్రలోనే పోయిందట. అంత గట్టిగా మాట్లాడే మనిషి అంత చప్పుడు లేకుండా వెళ్ళిందంటే నాకింకా నమ్మకం కుదరడం లేదు.

మీలో చాలామందికి ఆమె తెలియదు. మా ఊళ్ళో అంగన్‌వాడీ టీచరు. పోలియో చుక్కల ఆదివారం వచ్చిందంటే ఇంట్లో పెళ్ళి ఉన్నంత హడావిడి చేసేది. ఆ తర్వాత దారిలో ఏ పిల్లవాడు కనబడినా "ఏదీ, వేలు చూపించు" అని, చిటికెన వేలి మీది సిరా గుర్తు చూశాకే వదిలేది. ఒకసారి అలవాటు కొద్దీ మా ఆయన్నీ అడిగింది. ఆయన చూపించారు కూడా.

"ఎక్కడెక్కడి దేశాల వాళ్ళో కలిసి ఇంత చేస్తున్నారు. నోరు తెరవడం ఒక్కటేనే మన పని. అదీ చెయ్యకపోతే ఎట్లాగే?" అనేది నాతో.

ఆ ఒక్క పనీ ఒక ఏడాది ఆగిపోయింది. మిరపకోతల రోజులు. కర్నూలు వైపు నుంచి కూలీలు పిల్లాపాపలతో వచ్చి కల్లాల్లో గుడిసెలు వేసుకున్నారు. అత్తయ్య పొద్దున్నే ఇంట్లో ఎండుమిరపలో తెల్లబారిన తాలుకాయలు ఏరి, చేతులు పైపైన కడుక్కుని, మందు పెట్టెతో కల్లానికి పరుగెత్తింది. మొదటి పిల్ల బుగ్గలు నొక్కగానే అది గుక్కపట్టి ఏడ్చింది. చుక్కలు నేలపాలయ్యాయి, పెదాలు కందిపోయాయి. "ఈ మందు మండుతాదంట!" అని తల్లులు పిల్లల్ని గుడిసెల్లోకి లాక్కుపోయారు.

మర్నాడు, చుక్కల పని ఎలా జరుగుతోందో చూడడానికి ఒక విదేశీ డాక్టరు వచ్చాడు. సెలవుకు ఊరు వెళ్ళిన నేను ఆయన మాటలు తెలుగులో చెప్పాలి. ఆయన ఓపికగా చెప్పాడు, నేనూ చెప్పాను, ఒక్క పిల్లా బయటికి రాలేదు. కోత అయిపోవచ్చింది, వాళ్ళు వెళ్ళిపోతారు. చుక్కలు పడని పిల్లలతో జబ్బు మళ్ళీ దేశాలు దాటుతుందని ఆయన బెంగ. వీళ్ళలో ఎవరికి కాలు పడిపోతుందోనని అత్తయ్య బెంగ.

"మందుది తప్పు కాదమ్మా, నాది. మిరపకాయ చేతుల్తో వచ్చాను" అని అందరి ముందూ చెప్పేసింది. నాకు ఆమె మీద ప్రేమ పొంగుకొచ్చింది.

"ఇప్పుడు చేతులు బాగుండాయని ఎట్ల నమ్మాల?" అంది ముందురోజు ఏడ్చిన పిల్ల తల్లి.

అత్తయ్య చేతులకు కొబ్బరినూనె రాసుకుని, సబ్బుతో రుద్దుకుంది. డాక్టరే చెంబుతో నీళ్ళు పోశాడు. తర్వాత అందరూ చూస్తుండగా కంట్లో వేలు పెట్టుకుంది. బొటబొటా నీళ్ళు కారాయి. కూలీలు గొల్లున నవ్వారు.

"ఇంకా ఉందే నిన్నటి మాయదారి కారం! పొయ్యండి బాబూ!" అంది. నేను ఇంగ్లీషులో చెప్పకముందే ఆయన చెంబు వంచాడు. ఈసారి మజ్జిగతో కూడా కడుక్కుని రెండో కంట్లో పెట్టుకుంది.

అత్తయ్య అంటే నాకిప్పటికీ ఆ ముఖమే. ఒక కన్ను ఎర్రబడి కారుతోంది. రెండోది రెప్ప వేయకుండా తెరిచి ఉంది. ఆ తల్లి దగ్గరికొచ్చి, ఆమె గడ్డం పైకెత్తి, ఆ కంట్లోకి చాలాసేపు చూసింది. చూసి, పిల్లను ఆమె ఒళ్ళో పెట్టింది.