జిగురులో చిక్కిన చుక్కలు
టైలరక్క గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకునే మాట్లాడుతుంది. మెడలో టేపు తీయడం మరిచి ఆసుపత్రికీ అలాగే వస్తుంది. లారీ నడిపే భర్తకు హెచ్ఐవీ ఉందని ఆలస్యంగా బయటపడింది. ఏళ్ల తరబడి కాపురం చేసినా ఆమెకు మాత్రం సోకలేదు. "మా అన్నను దగ్గరికి రానిచ్చుంటే నీకూ వచ్చేది కాదా వదినా?" అని ఆడపడుచు దెప్పింది. పరిశోధన కోసం డాక్టరమ్మ నమూనా అడిగితే అక్క కాదనకుండా ఇచ్చింది.

ఆ రోజు డాక్టరమ్మ ఆమెను తెర ముందు కూర్చోబెట్టింది. "ఇది మీ గర్భసంచి ముఖద్వారం దగ్గరి జిగురమ్మా. ఇందులో వైరస్ వదిలి చూశాం. మెరుస్తున్న ఆ చుక్కలే అది." చుక్కలు కాస్త దూరం పాకి, జిగురుకు అంటుకుని, ఎక్కడివక్కడ నిలిచిపోయాయి.

"నాకు తెలీకుండా ఇంత కాపలానా!" అక్క తెర వైపు వంగింది.

"అందరికీ ఇలా ఉండదు. మీకూ ఎప్పుడూ ఉంటుందని చెప్పలేం. జాగ్రత్తలు మానొద్దు."

అక్క తలూపి, పొత్తికడుపు మీద మెల్లగా చెయ్యి వేసుకుంది. తర్వాత లేచి, తోడొచ్చి బయట బల్ల మీద కూర్చున్న ఆడపడుచును లోపలికి పిలిచి, ఆ చుక్కలేమిటో చెప్పింది. ఆమె తెర వంక చాలాసేపు చూసి, కళ్లు తిప్పకుండానే అంది: "కాస్త జరుగు వదినా, దగ్గర్నుంచి చూస్తాను."