నీలం తలుపు మీద సుద్ద గుర్తు

పొద్దుగాల ఆరుంబావుకు ఓడ దిగినం. చిన్న దీవి, ఒక్కటే రేవు. ఊరి ఎన్క అగ్నిపర్వతం, మూడు రోజుల సంది పొగ కక్కుతాంది. నల్లరాళ్ల సందులల్ల చీలమండ దాంక బూడిద. బండ్లు నడువయి. ఊరంత కాలినడకనే తిరిగి జనాలను ఓడెక్కియ్యాలె.

హుకుం సుబేదార్ సాబ్ ఇచ్చిండు. కాకినాడ దిక్కు మనిషి. “ప్రతి తలుపు దగ్గరా మూడుసార్లు పిలవండి. లోపలంతా చూడండి. ఎవరూ లేకపోతే సుద్దతో గుర్తెట్టండి. నాలుగింటికి ఓడ కదిలిపోద్ది.”

నేను, మెడికల్ జవాను ఒక జత. మొకానికి మాస్కు, వీపు మీద నీళ్లు, తాడు, స్ట్రెచర్. పగటీలి పన్నెండుకే టార్చి ఏసుకునేంత చీకటి. కాళ్ల కింద నేల అదురుతాంది. మూడింటికల్లా మా సందులన్ని తిరిగి ఒడగొట్టినం.

రేవుల ఒకామె ఓడెక్కనంటాంది. చెవులు మూసి సూపెడుతాంది. మా దుబాసీ, ఆ ఊరి పంతులమ్మ, అడిగి ఇంగ్లీషుల చెప్పింది: “పిల్లలతోని ముందొచ్చిందట. పెనిమిటి సామాను సదురుకొని వస్తనన్నడట, ఇంక రాలే. ఆయనకు చెవులు వినపడయి. నీలం తలుపు, ముంగట పీతల బుట్టలు.”

ఆ తలుపు మా సందులదే. ఆ తలుపు కాడ మూడుసార్లు పిల్చిన. లోపలికి తొంగి సూడకనే గుర్తు పెట్టిన.

“సాబ్, గది నా తప్పే. నేనే పోత.”

సాబ్ గడియారం సూసిండు. మూడూ ముప్పై ఐదు. “ఇరవై నిమిషాలు. ఆ తర్వాత ఓడని ఆపలేను తమ్ముడూ.”

మెడికల్ జవాను, నేను ఇద్దరం ఉరికినం. గోలీలంత రాళ్లు హెల్మెట్ మీద టకటక పడుతున్నయి.

వాకీటాకీల సాబ్ గొంతు: “ఎక్కడున్నారు?”

“తలుపు కాడ, సాబ్.”

“పది నిమిషాలే ఉంది!”

తలుపు తోసిన. గడియ కూడ పెట్టిలేదు. మనిషి ఉన్నడు. చెరో రెక్క పట్టుకొని గుంజుకొచ్చినం. ఓడ నిచ్చెన కాడికొచ్చేసరికి నాలుగుకు ఐదు తక్కువ. ఆయన పెండ్లాం నా చేతులు పట్టుకొని ఏడ్సింది. గుర్తు పెట్టింది నేనేనని ఆమెకు చెప్పలే.

ఇప్పుడు ఫౌజు పెన్షనొచ్చి గౌడవెల్లిల ఉంటున్న. కండ్లకోయ దాంక కాలేజీ బస్సు నడుపుత. “ఎంతమందిని కాపాడినవే?” అని మావోళ్లు అడుగుతరు. నాకు మాత్రం తలుపు తోసిన ఆ క్షణమే యాదికొస్తది. ఆయన అటు మల్లి వల మూట కడుతుండు. టార్చి వెలుగు గోడ మీద పడంగనే ఇటు మల్లిండు. సుట్టమొచ్చినట్టు నవ్విండు. ఒక్క నిమిషమని వేలు సూపి, కాలితోని పీట నా దిక్కు జరిపిండు, కూసొమ్మని.