మొవ్వు మీదికెక్కిన తీగ

రిటైరవడానికి రెండేళ్ళ ముందు, తొలకరి రోజుల్లో, నన్ను కోనసీమలోని మలికిపురం ప్రాంతానికి ఉద్యాన అధికారిగా వేశారు. ఇసుక నేలల కొబ్బరితోటల్లో ప్యూరేరియా తీగను పెంచి చూపించడం నాకప్పగించిన పని. ఇది చిక్కుడు జాతి. నేలంతా కప్పి కలుపును అణుస్తుంది, తేమ పోనివ్వదు, వేళ్ళ బుడిపెల ద్వారా మట్టికి నత్రజని ఇస్తుంది. పశువులూ తింటాయి. గింజ పెంకు గట్టిది. వేడినీళ్ళలో నానబెడితేగాని సరిగా మొలవదు. మొదట్లో బద్ధకంగా పాకుతుంది. మా శాఖవాళ్ళలా కాకుండా, కుదురుకున్నాకే పని ఎక్కువ చేస్తుంది.

మొదట ఎంచుకున్న రైతు దుర్గారావు కువైట్‌లో డ్రైవరుగా చేసి వచ్చాడు. గాలివానకు పాత చెట్లు పోయిన చోట కొత్తగా కొబ్బరి మొక్కలు నాటాడు. అవి నిలదొక్కుకుంటే ఊళ్ళో ఉంటాడు, లేదంటే మళ్ళీ కువైటే. వరసల మధ్య తీగ వేయించి, మొక్క పాదులోకి దాన్ని రానివ్వద్దని చెప్పాను. "ఆయ్" అని తలూపాడు.

అంతలో నన్ను డెప్యుటేషన్ మీద వేరే మండలానికి పంపారు. వానలు వెనకబట్టాక తిరిగొచ్చి చూస్తే తోట లేదు. పచ్చటి దుప్పటి ఉంది, అక్కడక్కడ ఉబ్బెత్తుగా. ఆ ఉబ్బెత్తులే మొక్కలు. కొబ్బరికి పెరిగే చోటు ఒక్కటే, నడినెత్తిన మొవ్వు. తీగ కింద తేమకు అది కుళ్ళితే మొక్క పోయినట్టే.

కోసేయకపోయావా అని అడిగాను.

"మీరేయించిన తీగండీ. మీకు చెప్పకుండా కత్తెట్టేత్తే ఏం బాగుంటదండీ?"

అతని భార్య నాగమణి గట్టు మీదినుంచి అందుకుంది. "నేను చెప్తానే ఉన్నానండీ. ఆఫీసరుగారొచ్చాక కోత్తానంటారీయన. మొక్కలు పోతే కువైట్ మీరెల్తారాండీ?"

నాకు పాస్‌పోర్టు కూడా లేదు.

ముగ్గురం కొడవళ్ళు పట్టాం. తీగ తప్పించాక దుర్గారావు మొవ్వాకును మెల్లగా లాగి చూసేవాడు. గట్టిగా నిలిస్తే బతికినట్టు, ఊడొస్తే లోపల కుళ్ళినట్టు. మొదటిది చేతికొచ్చేసింది, వాసనతో సహా. రెండోది నిలిచింది. ఆ తర్వాత అతను లాగిన ప్రతిసారీ నా కొడవలి ఆగిపోయేది. అవతలి గట్టు చేరేసరికి పోయినవి తక్కువే అని తేలింది. ఖాళీల్లో మళ్ళీ మొక్కలు వేయించాలని నాగమణి అడగలేదు, చెప్పింది. వేయించాను. కోసిన తీగ వాళ్ళ ఆవు తిన్నది. దుర్గారావు ఊళ్ళోనే ఉన్నాడు.

పెంచే పద్ధతి చెప్పినంత మాత్రాన చాలదు, కోనసీమలో కోసే అనుమతి కూడా ముందే ఇవ్వాలి. తర్వాత ఏ తోటలో ఈ తీగ వేయించినా, పాదు దగ్గర మొదటి కోత రైతు చూస్తుండగా నేనే కోసేవాణ్ణి.