ఊట గట్టున అడిగిన నీళ్ళు

సోములమ్మ రోజూ కోడి కూసే వేళకి ఊట దగ్గరికి వెళ్ళేది. మొదటి చెంబు నీళ్ళు గట్టు మీది అమ్మవారి రాయికి పోసి, ఆ తరవాతే బిందె ముంచేది. డుంబ్రిగుడ పైనున్న ఆ కొండవాలులో ఎనిమిది ఇళ్ళకీ అదే నీరు. ఊట ఉన్నది ఆమె మెట్టలో. కాపలా ఆమెది, నీళ్ళు అందరివీ. వాళ్ళకో కట్టుబాటు ఉంది: ఊట గట్టున నిలబడి నీళ్ళడిగినవాళ్ళని లేదని పంపకూడదు. పంపితే అమ్మవారు అలుగుతుంది.

పక్క పెరడు రవిబాబుది. వరసకి మేనల్లుడు. బొర్రా గుహలు చూడవచ్చేవాళ్ళకి గదులు అద్దెకిస్తాడు. చెడ్డవాడు కాదు. ఆమెకి జ్వరమొస్తే జీపులో ఆసుపత్రికి తీసుకెళ్ళి, రెండు రోజులు మంచం పక్కనే కూర్చున్నవాడు. ఇప్పుడు ఆ పెరట్లో స్విమ్ స్పా పెడతానంటున్నాడు.

ఆ సంగతి చెప్పడానికి పంచాయతీ కార్యదర్శి బిందుమాధవి ఎండలో కొండెక్కి వచ్చింది. సోములమ్మ చాప వేసి, అంబలి ఇచ్చింది.

"స్విమ్ స్పా అంటే ఏటమ్మా?"

"పెద్ద తొట్టి. వేడినీళ్ళుంటాయి. మోటారు ఎదురు నీళ్ళు తోస్తాది. మనిషి ఉన్నచోటే ఈదుతాడు."

"ఉన్నచోటే ఈది ఎక్కడికెల్తాడు, గానుగెద్దునాగ!"

ఇద్దరూ నవ్వుకున్నారు. తరవాత బిందుమాధవి గొంతు తగ్గించింది.

"ప్లాను సరిగ్గానే ఇచ్చాడమ్మా. హద్దు నుంచి దూరం వదిలాడు, వాడిన నీళ్ళకి ఇంకుడుగుంత చూపించాడు. తొట్టికి నీళ్ళు మాత్రం నీ ఊట నుంచి పైపేసి తెస్తాడట. దానికి నీ ఒప్పుకోలు కాగితం కావాలి. అది లేకపోతే నేను అనుమతి ఇవ్వను. వద్దని అను, చాలు."

"అంటాను. వేసంగిలో మా బిందెలే నిండవు."

మనసులో గట్టిగానే అనుకుంది. కానీ మర్నాడు పొద్దున్నే రవిబాబు చెప్పులు విడిచి ఊట గట్టెక్కాడు. వాడూ ఆ కొండ బిడ్డే. ఎక్కడ అడగాలో వాడికి తెలుసు.

"అత్తా, నీళ్ళు కావాల."

"ఇంటికాడ అడగరా. ఇక్కడొద్దు."

"ఇంటికాడైతే లేదంతావు గదా."

సోములమ్మ చెంబు గట్టు మీద పెట్టింది. అమ్మవారి రాయి వంక చూసి, "అడిగేసినావు గదరా" అంది. కాగితం మీద వేలిముద్ర వేసింది. అది చూసి బిందుమాధవి అనుమతి మీద సంతకం పెట్టింది. రూలు ఎక్కడా తప్పలేదు మరి.

మాఘంలో తొట్టి వచ్చింది, పైపు పడింది. చైత్రానికి ఊటలో చెమ్మ మాత్రమే మిగిలింది. నీళ్ళున్నది తొట్టిలోనే. ఎనిమిది ఇళ్ళ ఆడవాళ్ళూ రవిబాబు గేటు దగ్గర నిలబడ్డారు. వాడు మారుమాట లేకుండా తొట్టి కుళాయి తిప్పాడు. సోములమ్మ బిందెని తనే ఎత్తి ఆమె తలకి అందించాడు.

"ఎన్ని కావాలంటే అన్ని పట్టుకెల్లు అత్తా."

నీళ్ళు తొట్టిలో కలిపిన బ్లీచింగు మందు వాసన కొడుతున్నాయి. బిందె ఇంట్లో దించి, అలవాటు చొప్పున ఆ నీళ్ళే ఓ చెంబు పట్టుకుని ఆమె ఊట గట్టుకి వెళ్ళింది. రాయి ఎండకి తెల్లగా పాలిపోయి ఉంది. చెంబు ఎత్తింది గానీ వంచడానికి చెయ్యి రాలేదు.

"ఈయేల ఏటీ తేలేదమ్మా" అని చెప్పి, నిండు చెంబుతోనే కొండ దిగింది.