విస్తళ్ళు చూసే వీరలక్ష్మి

అవనిగడ్డ బస్టాండు ఎదుట నేను చూస్తుండగా నాలుగు భోజన హోటళ్ళు తెరిచారు. మూడు మూతబడ్డాయి. మిగిలింది వీరలక్ష్మిగారి చేపల భోజనం ఒక్కటే. ఎందుకు మిగిలిందో తెలుసుకోవాలని నాకు భలే కుతూహలం. రిటైరైన బడిపంతుల్ని, ఆరా తీయకుండా ఉండలేను. పైగా మధ్యాహ్న భోజనం అక్కడే.

మూతబడ్డవాటిలో పక్కనున్న రత్నరాజు హోటల్లో వంట నిజానికి ఇంకా బాగుండేది. కాకపోతే ఉప్పు తగ్గిందని ఎవరైనా అంటే తగువుకొచ్చేవాడు. వీరలక్ష్మిగారు అలా కాదు. గల్లాపెట్టె వదిలేసి, ఎంగిలి విస్తళ్ళు వేసే తొట్టి పక్కన స్టూలు వేసుకుని కూర్చునేది. ఎవరు ఏం వదిలేశారో చూసి, మర్నాటి వంట మార్చుకునేది. నాగాయలంక దగ్గర చేపలమ్మిన ఇంటి ఆడపడుచు, సిగ్గూ బిడియం లేవు.

మొన్న ఏప్రిల్లో ఆవిడకి గట్టిగా జ్వరం వచ్చింది. లేచి కొట్టు తెరిచాక పులుసు నోట పెట్టలేకపోయాం, అంత ఉప్పు. అడిగితే మాత్రం అందరం "బ్రహ్మాండంగా ఉందండీ" అనేవాళ్ళం. మంచం మీంచి లేచిన మనిషిని నొప్పించకూడదని మా మర్యాద. రోజూ అక్కడ తినే ఆటోవాళ్ళు మర్యాదగానే పక్క వీధి హోటలుకి మళ్ళారు. నెల తిరిగేసరికి కొట్టు మూసేసేలా ఉంది. ఆవిడ స్టూలు మీద కూర్చోవడం కూడా మానేసింది. నీరసం కాబోలనుకున్నాను.

ఒకరోజు నా విస్తరి తొట్టిలో వేయబోతుంటే ఆపింది. చేప ముక్క తిన్నాను. పులుసు కలిపిన అన్నం అంచుకి నెట్టేసి ఉంది.

"ఉప్పెక్కువైందా మాస్టారూ?"

"అబ్బే, లేదండీ."

"నిజం చెప్పండి. జ్వరం తగ్గిన దగ్గర్నుంచి నా నాలుక్కి ఏ రుచీ తెలియట్లేదు. చేతి కొలత ఉందిగా, పర్లేదనుకున్నా. విస్తళ్ళు చూడాలంటే భయమేసింది."

నాకు తల కొట్టేసినట్టయింది. "చాలా ఎక్కువండీ. నెల్రోజులుగా" అన్నాను.

ఆవిడ కళ్ళు తుడుచుకుంది. తింటున్న నలుగురివైపూ తిరిగి, "నా నాలుక పన్చెయ్యట్లేదండీ. రేపట్నుంచి పులుసు దింపేముందు ఎవరన్నా వచ్చి రుచి చూసి చెప్పండి" అంది. ఈ మాట రత్నరాజు చచ్చినా అనడు.

మర్నాడు పదకొండింటికే వెళ్ళాను. గరిటెతో పులుసు నా అరచేతిలో వేసింది. నాలిక్కి రాసుకున్నాను. అన్నీ సరిగ్గా కుదిరాయి.

"చాలా బాగుందండీ" అన్నాను.

ఆవిడ నా మొహంలోకి ఒక్క క్షణం చూసి, నా వెనకున్న ఆటో బాబ్జీని పిలిచింది.

"నువ్వు చెప్పు బాబూ."